రోడ్డు మీదే ఉంటానంటున్న పెద్దాయనకు ఎలా సాయపడాలి?

ప్రశ్న: మూతపడ్డ దుకాణం అరుగు మీద డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఉంటున్నారు. షెల్టర్‌కి వెళ్దామంటే ససేమిరా అంటున్నారు. ఇచ్చిన దుప్పటి తెల్లారేసరికి తడిసిపోతోంది. రెండు కాళ్లూ వాచాయి. చలి మొదలవబోతోంది. బలవంతపెట్టకుండా ఏం చేయొచ్చు?

జవాబు: షెల్టర్ వద్దన్నంత మాత్రాన సాయమే వద్దన్నట్టు కాదు. "ఎందుకు రారు?" అని నిలదీయకండి, "అక్కడ ఏం ఇబ్బంది?" అని అడగండి. సంచి పోతుందనో, కుక్కను రానివ్వరనో, పై మంచం ఎక్కలేననో, రాత్రి నాలుగుసార్లు లేవాలంటే మరుగుదొడ్డి దూరమనో చెప్తారు. వీటిలో చాలావాటికి దారి ఉంటుంది. కింది మంచం, సంచికి తాళం ముందే మాట్లాడి ఉంచండి. నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చని చెప్పి, పగటిపూట ఒకసారి చూపించండి. తిరిగొచ్చే దారి ఉందని తెలిస్తేనే చాలామంది కదులుతారు.

నిద్రలో ఉంటే తట్టి లేపొద్దు, దాడి అనుకుంటారు. కాళ్ల వైపు నాలుగడుగుల దూరంలో ఆగి పిలవండి, కూర్చుని మాట్లాడండి. ఆయన సంచి ముట్టుకోవద్దు. అది మీకు చెత్తలా కనిపించినా ఆయన కాగితాలూ మందులూ అందులోనే ఉండొచ్చు. వెళ్తే ఒకే మనిషి, ఒకే వేళకు వెళ్లాలి. తేలేనిది తెస్తానని చెప్పొద్దు.

మరో జవాబు: ఒంటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పుకుంటున్నారేమో చూడండి. ఒంట్లోంచి వచ్చే ఆవిరి పట్టా లోపల నీరై దుప్పట్లోకి దిగుతుంది. పట్టాను తాడు మీద వాలుగా వేసి, ఒక పక్క తెరిచి ఉంచాలి. అంతకన్నా ముఖ్యం కింద పరిచేది. చల్లటి నేల ఒంటి వేడిని లాగేస్తుంది, పైన ఎన్ని కప్పినా ఆగదు. అడుగున ప్లాస్టిక్, దాని మీద మూడు నాలుగు వరసల పొడి అట్టలు, ఆపైన వ్యాయామానికి వాడే ఫోమ్ మ్యాట్ వేయండి. అట్ట చెమ్మగిల్లితే మార్చేయాలి. దుప్పటి ఉన్నిదైతే మేలు, నూలుది తడిస్తే వెచ్చదనం ఉండదు.

కాళ్ల సంగతి: రాత్రంతా కూర్చునే నిద్రపోయేవాళ్లకు పాదాల్లోకి నీరు దిగుతుంది. పడుకుని, కాళ్ల కింద సంచి పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. ఒక్క కాలే వాచి నొప్పి, ఎరుపు ఉన్నా, వాపుతో పాటు ఆయాసం ఉన్నా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. సాక్సులు కనీసం రెండు జతలు ఇవ్వండి. రోజూ మార్చి, వేళ్ల సందులు ఆరనివ్వాలి. తిమ్మిరెక్కిన పాదాలను మంట దగ్గర పెట్టనివ్వొద్దు, షుగర్ ఉన్నవాళ్లకైతే కాలినా తెలియదు.

ప్రశ్న అడిగినవారు: నీళ్లిచ్చినా తాగడం లేదు. దాహం వేయడం లేదా?

జవాబు: వయసుతో దాహం తగ్గే మాట నిజమే. కానీ రాత్రి వెళ్లడానికి చోటు లేకే చాలామంది కావాలని మానేస్తారు. ముందు రాత్రిపూట తెరిచి ఉండే మరుగుదొడ్డి చూడండి. లేకపోతే రాత్రి మూత్రం పోసుకోవడానికి వెడల్పు మూతి, గట్టి మూత ఉన్న సీసా ఇవ్వండి. అప్పుడు తాగుతారు. విరేచనాలైతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు సమతలపు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కొలత తప్పొద్దు.

ప్రశ్న అడిగినవారు: ఆయన వద్దంటున్నా వినకూడని సందర్భం ఏది?

జవాబు: "రాత్రి వాన పడితే ఏం చేస్తారు?" అని అడగండి. తన పద్ధతి తను చెప్పగలిగితే, అది మీకు నచ్చకపోయినా నిర్ణయం ఆయనదే. నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఈరోజు పొంతన లేకుండా మాట్లాడితే అది ఇష్టం కాదు, జబ్బు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం కారణం కావచ్చు.

చలిలో మాట ముద్దగా వస్తూ, నడక తూలుతుంటే తాగారనుకుని వదిలేయకండి. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి పడిపోయిందేమో. ముసలివాళ్లలో వణుకు కనిపించకపోవచ్చు. వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. అది వచ్చేలోగా తడి బట్టలు తీసి ఛాతీ, మెడ, తల కప్పండి. చేతులు, కాళ్లు రుద్దొద్దు, మద్యం ఇవ్వొద్దు. పూర్తి స్పృహలో ఉండి మింగగలిగితేనే వేడి తీపి పానీయం పట్టండి. ఆయనతో పాటు సంచి కూడా అంబులెన్స్‌లో పెట్టండి, లేకపోతే దాని కోసమే ఆసుపత్రి నుంచి లేచి వచ్చేస్తారు.