రోజువారీ కారుకు ఈసీయూ రీమ్యాప్: పికప్ నిజంగా పెరుగుతుందా?

మధురవాడ ప్రయాణికుడు (ప్రశ్న):

నా దగ్గర 2018 నాటి, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని అదనంగా నెట్టే పరికరం) లేని 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఉద్యోగరీత్యా విశాఖలో మధురవాడ నుంచి గాజువాక దాకా జాతీయ రహదారి 16 మీదుగా రోజూ వెళ్లి వస్తుంటాను. సాయంత్రం ఏసీ వేసుకొని ఎండాడ ఎత్తు ఎక్కేటప్పుడు, కుటుంబంతో అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లేటప్పుడు బండి లాగడం లేదు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) రీమ్యాప్ చేయిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయని ఒక ట్యూనింగ్ కేంద్రం వారు చెబుతున్నారు. అసలు రీమ్యాప్‌లో మారేదేమిటి? నా బోటి బండికి అది పనికి వస్తుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

సీతమ్మధార ఇంజినీర్:

టర్బో లేని ఇంజిన్‌కు రీమ్యాప్ వల్ల కలిగే లాభం స్వల్పమే. కారణం తెలియాలంటే ఈసీయూ ఏం చేస్తుందో కాస్త చూడాలి.

క్రాంక్ షాఫ్ట్ వేగం, సిలిండర్లకు గాలి చేర్చే ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లోని పీడనం, లోపలికి వచ్చే గాలి వేడి, కూలెంట్ వేడి, యాక్సిలరేటర్‌ను ఎంత నొక్కారన్నది, ఇవన్నీ సెన్సర్ల ద్వారా ఈసీయూకు అందుతాయి. వాటిని బట్టి ఎంత పెట్రోల్ చిమ్మాలో, ఏ క్షణాన స్పార్క్ ఇవ్వాలో అది తనలో ముందే నింపి ఉంచిన పట్టికలు చూసి నిర్ణయిస్తుంది. ఆ పట్టికలనే మ్యాప్‌లు అంటారు. రీమ్యాప్ చేసేవారు ఆ పట్టికల్లోని అంకెలను మారుస్తారే తప్ప ఇంజిన్‌లో ఒక్క బోల్టును కూడా ముట్టుకోరు.

స్వచ్ఛమైన పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి అవసరం. నింపాదిగా నడుపుతున్నంతసేపూ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను గమనించే ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి ఈసీయూ ఈ పాళ్లను తనంతట తానే సరిదిద్దుకుంటూ ఉంటుంది కనుక, ఊళ్లో తిరిగే బండికి మైలేజీ పెంచుతామనే మాటను నేను నమ్మను. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రం గాలి పాలు 12.5, 13 ప్రాంతానికి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంధనం నాణ్యత అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి తయారీదారులు స్పార్క్ సమయంలో కొంత జాగ్రత్త పాటించి ఉంటారు. ట్యూనింగ్ చేసేవారు వాడుకునేది ఆ జాగ్రత్తనే. దాన్నుంచి మీ ఇంజిన్‌కు దక్కేది మహా అయితే అయిదు నుంచి ఎనిమిది శాతం, అది కూడా ఎక్కువగా పై ఆర్‌పీఎంలలో (ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు).

టర్బో ఉన్న ఇంజిన్ సంగతి వేరు. అక్కడ సిలిండర్‌లోకి ఎంత గాలిని నెట్టాలో కూడా ఈసీయూయే నిర్ణయిస్తుంది కనుక, బూస్ట్ పీడనం (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచి టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఇరవై, ముప్పై శాతం దాకా పెంచడం సాధ్యమే. మీ ఇంజిన్ బయటి గాలి ఎంత ఉంటే అంతే పీల్చుకోగలదు, లేని గాలిని సాఫ్ట్‌వేర్ సృష్టించలేదు. అరకు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పలచబడి, టర్బో లేని ఇంజిన్ శక్తి సుమారు పదో వంతు తగ్గిపోతుంది. ఆ లోటును ఏ మ్యాప్ పూడ్చలేదు.

మరో విషయం. ఇలాంటి 1.2 లీటర్ల ఇంజిన్లలో గరిష్ఠ టార్క్ సాధారణంగా 4,000 ఆర్‌పీఎం దాటాకే అందుతుంది. మనలో చాలామంది మైలేజీ కోసమని రెండు వేల లోపే పై గేరుకు మారిపోయి, ఎత్తు వచ్చినా అదే గేరులో నెట్టుకొస్తూ బండి లాగడం లేదని బాధపడుతుంటాం. ఎండాడ దగ్గర ఒక గేరు తగ్గించి, 3,500 ప్రాంతంలో ఉంచి ఎక్కించి చూడండి.

ఆటోనగర్ మెకానిక్:

ఇంజినీర్ గారు చెప్పింది నిజమే, కానీ 2018 బండి అంటున్నారు కాబట్టి ముందు అది ఉన్న మ్యాప్ ప్రకారమైనా సరిగ్గా పని చేస్తోందో లేదో చూడాలి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) పేరుకున్న మసి, టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకు, అరిగిన క్లచ్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పికప్ పడిపోతుంది. ఉప్పుగాలి తగిలే ఊరు కనుక బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఆరుబయట నిలిపే బండ్లలో సెన్సర్ కనెక్టర్ల పిన్నులకు, ఎర్త్ వైర్లకు పచ్చటి తుప్పు పట్టడం మేము తరచూ చూస్తుంటాం. అక్కడ నిరోధం పెరిగితే సెన్సర్ తప్పుడు లెక్క పంపుతుంది, ఈసీయూ దాన్నే నమ్మి పెట్రోల్ కొలుస్తుంది. అటువంటి బండికి రీమ్యాప్ చేస్తే తప్పుడు లెక్క మీద కొత్త లెక్క కట్టినట్టే.

డాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ పోర్టుకు (బండి లోపాలను చదివే సాకెట్) స్కానర్ పెట్టించి, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ఎంత ఉందో రాసుకోండి. పట్టికలో ఉన్నదానికి ఈసీయూ ఎన్ని శాతం పెట్రోల్ కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఆ అంకె చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ అయిదు లోపు ఉంటే చింత లేదు, పది దాటితే కారణం వెతకాలి. గాలి ప్రవాహాన్ని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో, ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడుస్తున్నప్పుడు) ట్రిమ్ ఎక్కువగా ఉండి ఆర్‌పీఎం పెంచగానే తగ్గితే ఎక్కడో గాలి లీకవుతోందని అర్థం. లోడు పెరిగే కొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరిగ్గా అందడం లేదేమోనని పంపును, ఫిల్టర్‌ను అనుమానించాలి.

పెందుర్తి డీజిల్:

నాది 1.3 లీటర్ల టర్బో డీజిల్. రీమ్యాప్ చేయించాక 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఉండే మందకొడితనం బాగా తగ్గింది. ఊళ్లో గేర్లు మార్చే పని కూడా తగ్గింది. శ్రీకాకుళం వైపు హైవే మీద మునుపటి వేగంతోనే వెళితే మైలేజీ కాస్త మెరుగు, ఊళ్లో ఏమీ తేడా లేదు. అయితే కొంతకాలానికి నిండు లోడుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు క్లచ్ జారడం మొదలైంది. కంపెనీ క్లచ్ కంపెనీ టార్క్‌ను లెక్కలో పెట్టుకొని చేసిందే కదా. తర్వాత 1,800 లోపు టార్క్ ఒక్కసారిగా ఎగబాకకుండా మ్యాప్‌ను మెత్తబరిపించుకున్నాను. గరిష్ఠ అంకె ఎంత అని కాకుండా, టార్క్ ఎక్కడ మొదలై ఎలా పెరుగుతోందో డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) గీత చూపించమని అడగాలని నా అభిప్రాయం. టర్బో పెట్రోల్ వారికి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే నేరుగా సిలిండర్‌లోకే పెట్రోల్ చిమ్మే ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎం వద్ద అధిక బూస్ట్ ఇస్తే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకొని పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మధురవాడ ప్రయాణికుడు:

అందరికీ ధన్యవాదాలు. స్కానర్ పెట్టిస్తే ట్రిమ్ ఐడ్లింగ్‌లో +6, 2,500 ఆర్‌పీఎం వద్ద +7 చూపించింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ ప్రభావం ఇందులో ఉంటుందా? 95 ఆక్టేన్ పెట్రోల్ పోయిస్తే ఫలితం ఉంటుందా? యాక్సిలరేటర్ పెడల్‌కు తగిలించే చిన్న పెట్టె గురించి కూడా ఒకరు చెప్పారు.

సీతమ్మధార ఇంజినీర్:

ఇ20 ప్రభావం తప్పక ఉంటుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటం వల్ల దానికి కావలసిన గాలి తక్కువ. 20 శాతం కలిపిన పెట్రోల్‌కు 14.7 బదులు దాదాపు 13.5 వంతులు చాలు. అంటే అదే గాలికి ఈసీయూ ఎక్కువ ఇంధనం చిమ్మాలి, ఆ ఎక్కువే ట్రిమ్‌లో కనిపిస్తుంది. రెండు చోట్లా దాదాపు సమానంగా ఉంది కాబట్టి మీ +6, +7 నాకు లోపంలా అనిపించడం లేదు. ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) విషయానికొస్తే, నాకింగ్ వల్ల, అంటే మిశ్రమంలో కొంత భాగం తనంతట తానే పేలడం వల్ల, ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి జరుపుతున్న బండికే అది మేలు చేస్తుంది. పైగా ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచేదే కనుక, ఇ20 పోస్తున్న మీరు 95 కోసం అదనంగా చెల్లించాల్సిన అవసరం కనబడదు.

పెడల్‌కు పెట్టే పెట్టె ఇంజిన్ శక్తిని ఏమాత్రం పెంచదు. మీరు 30 శాతం నొక్కితే 50 నొక్కినట్టు ఈసీయూకు చెబుతుంది, అంతే. పూర్తిగా నొక్కినప్పుడు అది ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇవన్నీ విన్నాక కూడా రీమ్యాప్ చేయించాలనుకుంటే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులను కట్టడి చేస్తుందని, వారంటీ మిగిలి ఉన్నవారికి అది పోయే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. మ్యాప్ మారితే ఈసీయూలోని క్యాలిబ్రేషన్ ధ్రువీకరణ సంఖ్య కూడా మారుతుంది, దాన్ని స్కానర్‌తో చదవవచ్చు కాబట్టి తెలియదులే అనుకోవద్దు. ఉద్గారాలను అదుపు చేసే భాగాలను సాఫ్ట్‌వేర్‌లో ఆపేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. పాత ఫైలు నకలు మీ చేతికి తీసుకోండి. కొత్త ఫైలును ఈసీయూలోకి ఎక్కిస్తున్నంతసేపూ (ఫ్లాష్ చేయడం అంటారు) బ్యాటరీకి ఛార్జర్ తగిలించి ఉంచమని చెప్పండి, ఎందుకంటే మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూలో రాత సగంలో ఆగిపోయి బండి స్టార్ట్ కాకుండా పోవచ్చు.