ఎత్తు మీద క్లచ్ వదలగానే బండి ఆగిపోతోంది, చేతులు వణుకుతున్నాయి. గేర్ బండికి ఎలా అలవాటు పడాలి?

గోపాలపట్నం నర్సు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాకు 33 ఏళ్ళు. ఉండేది విశాఖ గోపాలపట్నంలో. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. తొమ్మిదేళ్ళు స్కూటీ నడిపాను కాబట్టి ట్రాఫిక్ కొత్త కాదు, గేర్ బండే కొత్త.

సంక్రాంతి అయ్యాక తమ్ముడికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది. వాడి పల్సర్ 150 నాకు వదిలి వెళ్ళాడు, 2017లో కొన్నది. నా స్కూటీకి అప్పటికే ఇంజన్ పని వచ్చి ఉంటే అమ్మేశాను. అవసరం ఒక్కటే కాదు, ఇష్టం కూడా ఉంది. నాన్న తమ్ముడికి మోటార్ సైకిల్ నేర్పుతుంటే నేను గేటు దగ్గర నిలబడి చూసేదాన్ని. నాకూ నేర్పమంటే "నీకెందుకమ్మా, స్కూటీ చాలదా" అన్నారు. ఇన్నేళ్ళైనా ఆ మాట నాకు గుర్తే.

నా పాత లైసెన్సు గేర్లు లేని బండికి మాత్రమే. అందుకని గేర్ బండికి వేరేగా ఎల్ఎల్ఆర్ తీసుకుని, ముందూ వెనకా ఎర్ర ఎల్ అంటించి, మా వెనక లేఅవుట్ రోడ్ల మీద మూడు వారాలు తిప్పాను. ఒకటో గేరు కిందికి, మిగతా నాలుగు పైకి. రెండో వారానికల్లా గేర్ల కోసం కిందికి చూడడం మానేశాను.

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ధైర్యం చేసి డ్యూటీకి బండి మీద బయల్దేరాను. ఎన్ఏడీ జంక్షన్ దాటాను, కంచరపాలెం దాటాను, అంతవరకు బానే ఉంది. కేజీహెచ్ డౌన్ దగ్గర పైకి ఎక్కే ఎత్తులో ముందు సిటీ బస్సు ఆగింది. నేనూ ఆగాను. బస్సు కదిలాక క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ అంతే. మూడోసారి వెనక్కి జారింది. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. రెండు కాళ్ళూ ఆనిస్తే మునివేళ్ళే తగులుతాయి. దాదాపు నూట యాభై కిలోల బండిని ఆ వేళ్ళు ఆపలేకపోయాయి. వెనక ఉన్న ఆటోకి తగిలి ఆగింది. దాని వెనక నుంచి అందరూ హారన్లు. ఆటో అతను దిగి వచ్చి, కోప్పడకుండా బండిని పక్కకి తోసి పెట్టి, "కంగారు పడకమ్మా, కాస్త నీళ్ళు తాగు" అన్నాడు. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది.

ఆ రోజు నుంచి బండి మెట్ల కింద కవరు కప్పుకుని ఉంది. పన్నెండు రోజులైంది. పసిపిల్లలకి కూడా ఒక్కసారికే సూది నరంలోకి ఎక్కించే చెయ్యి నాది, క్లచ్ లివర్ పట్టుకుంటే మాత్రం వణుకుతోంది. ఎత్తు మీద ఆగిన బండిని ఎలా కదిలించాలి? కాళ్ళు పూర్తిగా అందనివాళ్ళు ఏం చేస్తారు? వెనక హారన్ కొడుతుంటే బుర్ర పనిచెయ్యకుండా పోయే ఈ టెన్షన్ ఎప్పటికి తగ్గుతుంది? దయచేసి "స్కూటీ కొనుక్కో" అని మాత్రం చెప్పొద్దు.

రోజూ అరవై కిలోమీటర్లు:

ఇంట్లో కూర్చుంటే భయం పోదు అక్కా. సాయంత్రం ఆరింటికి జగదాంబ సెంటర్‌కి వెళ్ళి నాలుగు రౌండ్లు కొట్టండి. నేను అలాగే నేర్చుకున్నాను. వారంలో అంతా అలవాటైపోతుంది.

గాజువాక మెకానిక్:

చెల్లెమ్మా, ముందు బండి సంగతి చూద్దాం. మూడు వారాలు లేఅవుట్‌లో తిప్పావంటే క్లచ్ వదలడం నీకు వచ్చినట్టే. వచ్చిన మనిషికి ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు ఆగిందంటే బండిలో కూడా ఏదో ఉందని నా అనుమానం.

2017 పల్సర్ అంటే కార్బొరేటర్ బండి. ఇంజన్ బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో వదిలేసి ఇంజన్ స్పీడు (ఆర్‌పీఎం) చూపే మీటర్ ముల్లు చూడు. 1400 దగ్గర నిలబడాలి. వెయ్యి కిందికి దిగి, ఆగుతుందా ఆగదా అన్నట్టు కొట్టుకుంటుంటే ఐడిల్, అంటే ఎక్సిలేటర్ ఇవ్వకుండా ఇంజన్ తిరిగే స్పీడు, తక్కువ ఉన్నట్టు. అలాంటి బండి ఎత్తు మీద కొత్తవాళ్ళ చేతిలో ఆగకుండా ఉండదు. స్క్రూ తిప్పితే సరిపోతుంది, అయిదు నిమిషాల పని.

తర్వాత క్లచ్ లివర్. మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా ఆడాలి. ఆ తర్వాత మెత్తగా లాగాలి, మెత్తగా వదలాలి. వదిలేటప్పుడు మధ్యలో పట్టేసి, ఒక్కసారిగా జారిపోతోందా? అలా ఉంటే కేబుల్ లోపల ఎండిపోయింది, లేదా పోగులు తెగుతున్నాయి. ఎంత బాగా నడిపేవాడికైనా ఆ కేబుల్‌తో ఎత్తు ఎక్కడం కష్టం. తమ్ముడు అలవాటు మీద లాగించేసి ఉంటాడు. చూసి చెప్పు.

కాళ్ళు అందడానికి సీటు ఫోమ్ కోయిద్దామని ఎవరైనా అంటే ఆగు. ఇప్పుడే వద్దు.

గోపాలపట్నం నర్సు:

అన్నా, ఇప్పుడే మెట్ల కింద నుంచి తీసి చూశాను. ముల్లు 900 దగ్గర ఊగుతోంది. లివర్ వదిలేటప్పుడు మీరన్నట్టే మధ్యలో పట్టేసి టక్కున జారుతోంది. గేర్ బండి నాకు కొత్త కాబట్టి అన్ని క్లచ్‌లూ ఇంతే అనుకున్నాను. రేపు డ్యూటీ దిగగానే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తాను.

జగదాంబ సలహా ఇచ్చిన తమ్ముడికి థాంక్స్. కానీ నాకు అది పనిచెయ్యదు. అంత మంది మధ్య ఇంకోసారి ఆగిపోతే మళ్ళీ బండి ముట్టుకోను.

మధురవాడ టీచరు:

అమ్మా, నేను నేర్చుకున్నది 46వ ఏట, మా ఆయన పోయాక. ఆయన బండి అమ్మడానికి మనసొప్పలేదు. నా ఎత్తు నీకంటే అంగుళం తక్కువ. కాబట్టి నీ మునివేళ్ళ కష్టం నాకు బాగా తెలుసు.

ముందు కాళ్ళ సంగతి. రెండు కాళ్ళూ ఆనించాలని చూడకు. ఆగబోతున్నప్పుడే నడుమును సీటు మీద కాస్త ఎడమకి జరుపు, ఎడమ పాదం మడమతో సహా నేలకి ఆనుతుంది. కుడి పాదం వెనక బ్రేకు మీదే ఉంటుంది. బండి ఒక పిసరు ఎడమకి వాలినా ఫర్వాలేదు, తొడకి ఆనుకుని ఉంటుంది. ఆగే ముందు నేల చూసుకో. గుంట ఉన్న చోట, ఇసుక మేట ఉన్న చోట కాలు పెట్టకు. నేను రెండుసార్లు పడింది నడుపుతూ కాదు, ఆగుతూ.

ఇక ఎత్తు. నువ్వు బహుశా ముందు బ్రేకు పట్టుకుని ఆగి ఉంటావు. బ్రేకూ ఎక్సిలేటరూ రెండూ కుడి చేతివే. ఒకటి వదిలితేగానీ ఇంకోటి తిప్పలేవు, ఆ సందులోనే బండి వెనక్కి జారుతుంది. ఎత్తు మీద బండిని నిలిపే పని కుడి కాలికి ఇవ్వు. ఎడమ కాలు కింద పెట్టే ముందే ఫస్ట్ గేర్ వేసుకో. వెనక బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి, క్లచ్‌ని చాలా నెమ్మదిగా వదులు. ఒక చోట ఇంజన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందు భాగం కొద్దిగా లేచినట్టు అనిపిస్తుంది. అక్కడ చెయ్యి ఆపెయ్. ఇంకొంచెం కూడా వదలకు. అప్పుడు ఎక్సిలేటర్ కాస్త ఇచ్చి, కుడి పాదం పైకి తీయి. బండి వెనక్కి పోదు. కదిలి రెండు మూడు గజాలు వెళ్ళాక మిగిలిన క్లచ్ వదులు.

ఆ శబ్దం మారే చోటును చెవితో పట్టుకోవాలి. దానికి ఎత్తు అక్కర్లేదు, ట్రాఫిక్ అక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎక్సిలేటర్ ముట్టకుండా, ఒట్టి క్లచ్‌తో బండిని అడుగు కదిలించడం, ఆపడం, మళ్ళీ అడుగు కదిలించడం. అలా రోజుకి పదిహేను నిమిషాలు, పది రోజులు చేశాను. చూసేవాళ్ళకి పిచ్చిగా ఉంటుంది. పదకొండో రోజు సెల్లార్ ర్యాంపు మధ్యలో ఆపి పైకి ఎక్కించాను. నువ్వు కూడా మీ వీధిలో చిన్న ఎత్తు ఒకటి వెతుక్కో. కేజీహెచ్ డౌన్‌కి ఇప్పుడే పోవద్దు.

ఆ తర్వాత ఆదివారం తెల్లవారుజామున రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్ళు. ఎక్కుళ్ళూ దిగుళ్ళూ ఉంటాయి, బళ్ళు తక్కువ. ఒక్క జాగ్రత్త. గాలి వీచిన రాత్రుల తర్వాత మలుపుల్లో సన్నటి ఇసుక రోడ్డు మీదికి వచ్చి ఉంటుంది. దూరం నుంచి పెద్దగా తెలియదు, తారు కాస్త తెల్లబారినట్టు ఉంటుందంతే. అక్కడికి చేరకముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి దాటు. ఇసుక మీద ముందు బ్రేకు ముట్టుకోకు. మలుపులో చూపు ఇసుక మీద కాకుండా నువ్వు వెళ్ళాల్సిన చోట ఉండాలి. చూపు ఎటు ఉంటే బండీ అటే పోతుంది.

పోర్టు లోడు:

అమ్మా, నేను ఇరవై ఏళ్ళ పైనుంచి లారీ తోలుతున్నాను. కాన్వెంట్ జంక్షన్ రోజూ తగిలే దారి. మీరు బండి నేర్చుకునేటప్పుడు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

క్యాబిన్‌లో కూర్చుంటే నా ఎడమ తలుపు కింద ఉన్న మోటార్ సైకిల్ నాకు కనపడదు. మొత్తం మనిషి, బండి, ఏదీ కనపడదు. నా అద్దంలో నా మొహం మీకు కనపడకపోతే నాకు మీరు లేనట్టే. సిగ్నల్ దగ్గర ఎడమ సందు ఖాళీగా ఉంది కదా అని దూరొద్దు. మేం ఎడమకి తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ సందులో ఉన్నవాళ్ళకి తప్పుకునే చోటు ఉండదు. నా కళ్ళతో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకోటి. ఎత్తు మీద బస్సుకైనా లారీకైనా మరీ దగ్గరగా ఆగొద్దు. లోడుతో ఎక్కేటప్పుడు మేమూ కాస్త వెనక్కి జారతాం. ఒక బండి పొడవు వదిలేయండి. మధ్యలో ఎవరో దూరతారు, దూరనివ్వండి.

హారన్ గురించి అడిగారు. రోడ్డు మీద హారన్ చాలామందికి అలవాటు, అంతే. వెనకవాడికి మీ క్లచ్ గురించి తెలియదు. ఆగిపోతే న్యూట్రల్ చేసి, మీటర్‌లో న్యూట్రల్ పచ్చ లైటు వెలిగిందో లేదో చూసుకుని, ఊపిరి పీల్చుకుని స్టార్ట్ చేయండి. పది సెకన్లు పడుతుంది. ఆ పది సెకన్లు మీవి.

గోపాలపట్నం నర్సు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. సలహా ఇచ్చిన అందరికీ చెప్పాలి కదా.

కేబుల్ మార్చారు. పాతది విప్పి చూపిస్తే లివర్ దగ్గర అయిదారు పోగులు తెగి, చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. ఐడిల్ సరిచేశారు. కొత్త కేబుల్‌తో మొదటిసారి లివర్ లాగినప్పుడు ఇంత తేలికా అనిపించింది. ఇన్నాళ్ళూ తప్పంతా నాదే అనుకున్నాను.

టీచరుగారూ, మీరు చెప్పినట్టే పది రోజులు మా ఇంటి ముందు అడుగు కదిలించి ఆపాను. నాలుగో రోజుకి ఆ శబ్దం దొరికింది. ఇంజన్ "డుగ్ డుగ్" అనేది కాస్తా గొంతు తగ్గించి మూలిగినట్టు అవుతుంది. ఇప్పుడు హెల్మెట్ పెట్టుకున్నా వినిపిస్తుంది. మా వీధి చివర నీళ్ళ ట్యాంకు ఎత్తు మీద నలభై సార్లైనా ఆపి ఎక్కించి ఉంటాను. పిల్లలు లెక్కపెట్టేవారు. వెనక బ్రేకు మీద కాలు ఉందని తెలిస్తే చెయ్యి వణకడం లేదు. జారదని తెలిసిపోయింది కదా.

లైసెన్సు టెస్టులో బండిని ఎనిమిది అంకెలా తిప్పమన్నారు. కాలు కింద పెట్టలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి కావాలని కేజీహెచ్ డౌన్‌కి వెళ్ళాను. అదే చోట, పక్కకి తీసుకుని ఆగాను. ఎడమ కాలు, కుడి బ్రేకు, శబ్దం, ఎక్సిలేటర్. ఎక్కేసింది. వెనక్కి తిప్పుకుని వచ్చి మళ్ళీ ఎక్కించాను, మొత్తం నాలుగుసార్లు. వెనక ఒక్క బండి కూడా లేదు. సాయంత్రం డ్యూటీకి వెళ్ళినప్పుడు మాత్రం ముందు బస్సు, వెనక బోలెడు బళ్ళు. లారీ అన్న చెప్పినట్టు బండి పొడవు వదిలాను, ఇద్దరు దూరారు. ఒకసారి ఆగిపోయింది కూడా. న్యూట్రల్, పచ్చ లైటు, ఊపిరి. రెండోసారికి కదిలింది.

ఎల్ స్టిక్కర్లు ఉన్నన్నాళ్ళూ నేర్పేవాళ్ళని తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు కాబట్టి ఆగాను. లైసెన్సు చేతికి వచ్చిన మర్నాడు నాన్న, తమ్ముడి హెల్మెట్ పెట్టుకుని వచ్చి, సింహాచలం కొండ కింద దాకా దింపుతావా అని అడిగారు. వెనక మనిషి ఉంటే బండి ఆగడానికి ఎంత ఎక్కువ దూరం పడుతుందో అప్పుడు తెలిసింది. దారి పొడవునా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక బండి చుట్టూ తిరిగి చూసి, "వెనక టైరు అరిగినట్టుంది, చూపించు" అన్నారు.

గాజువాక అన్నా, వానలు మొదలయ్యేలోపు ఆ టైరు మార్చాలా? అరిగిందో లేదో నాకు నేను ఎలా తెలుసుకోవాలి?

గాజువాక మెకానిక్:

టైరు గాడి లోపల అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి చెల్లెమ్మా. వేలు పెట్టి తడిమి చూడు. పై రబ్బరు అరిగి దిమ్మెతో సమానంగా వచ్చేస్తే వెంటనే మార్చు. కొత్త టైరు వేయించిన మొదటి వంద కిలోమీటర్లు కొంచెం జారుతుంది, మలుపుల్లో వాల్చకు. గాలి ఎంత పెట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, నాన్నగారిని ఎక్కించుకునే రోజు అందులో ఇద్దరికి రాసిన అంకె చూడు.