బాల్కనీలో పిట్టలకు గింజలు వేయాలా, వద్దా?

మూడో అంతస్తు (హైదరాబాద్):
బాల్కనీల్లో గింజలు చల్లకూడదని మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నారు. నేను రోజూ పొద్దున్నే గుప్పెడు నూకలు చల్లి, మట్టి మూకుడులో నీళ్లు పెడతాను. మా నాన్నమ్మ నేర్పిన పని. ఇదెలా తప్పవుతుందో చెప్పండి.

బి బ్లాక్:
నేనైతే తీర్మానానికే చెయ్యెత్తుతానండీ. మా పై ఫ్లాట్‌వాళ్లు రెండేళ్లు జొన్నలు చల్లారు. పిచ్చుక ఒక్కటీ రాలేదు, అన్నీ పావురాలే. ఏసీ డబ్బా వెనకే గూళ్లు పెట్టాయి. రెట్ట ఎండి, పొడై, కిటికీలోంచి ఇంట్లోకొచ్చేది. మా అమ్మకు ఆరు నెలలు పొడిదగ్గు. డాక్టరుగారు ముందు అడిగిందే "ఇంటి దగ్గర పావురాలున్నాయా అమ్మా?" అని. ఆ రెట్ట, ఈకల ధూళి పీల్చగా పీల్చగా కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఊపిరితిత్తుల అలర్జీ జబ్బు వస్తుంది. ముదిరితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, మళ్లీ మామూలు కావు. 2025లో ముంబైలో పావురాలకు గింజలు వేసే దాదర్ కబూతర్‌ఖానాకు టార్పాలిన్లు కప్పిందీ ఈ భయంతోనే.

మూడో అంతస్తు:
అమ్మగారి సంగతి విని బాధేసింది. కానీ పావురాలొచ్చాయని పిచ్చుకల కడుపు కొడతామా?

కోనసీమ రైతుబిడ్డ:
గింజ ఎలా పెడుతున్నామన్నదాన్ని బట్టే ఏ పిట్ట వస్తుందో ఉంటుందండీ. మా వైపు కోతలప్పుడు వరి కంకులు కుచ్చుగా అల్లి చూరుకో, గుడి మండపానికో కట్టేవాళ్లు. పిచ్చుక ఆ కంకిని పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. ఒక్కో వడ్లగింజా ముక్కుతో ఒలిచి, ఊక కిందికి రాలుస్తుంది. చిన్నప్పుడు అరుగు మీద కూర్చుంటే ఆ ఊక నా పలక మీద పడేది. పావురం బరువుకు కంకి ఆగదు, దానికి చదునైన చోటు కావాలి. నేల మీద నూకలు చల్లడమంటే పావురాలను పిలవడమే.

ఇంకోటి. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో గింజలు పనికిరావు, తల్లి పురుగులు తెచ్చి పెట్టాలి. కుండీల్లో మొక్కలకు మందు కొట్టేసి గింజలు మాత్రం పెడితే పిల్లలు బతకవు. గూటికి పెంకుటిళ్ల చూరు ఎలాగూ లేదు. 32 మిల్లీమీటర్ల కన్నంతో చెక్కపెట్టె కట్టండి. పిచ్చుక దూరుతుంది, గోరింక దూరలేదు.

బి బ్లాక్:
కుచ్చు కడితే నాకు అభ్యంతరం లేదు. నీళ్ల మూకుడు సంగతేంటి? అసలే డెంగీ రోజులు.

కోనసీమ రైతుబిడ్డ:
రోజూ ఒంపేసి, పీచుతో తోమి, కొత్త నీళ్లు పోయాలి. దోమ గుడ్డు పొదిగి ఎగరాలంటే దాదాపు ఓ వారమైనా పడుతుంది. రోజూ కడిగే ఓపిక లేనివాళ్లు మూకుడు పెట్టకపోవడమే మేలు.

మూడో అంతస్తు:
ఈ పొద్దున నూకలు వేసి గంటసేపు కూర్చుని చూశాను. పదకొండు పావురాలు. పిచ్చుక ఒక్కటీ లేదు. చల్లడం రేపటినుంచి మానేస్తాను. కానీ తీర్మానంలో "పిట్టలకు ఏమీ పెట్టరాదు" అని రాస్తే మాత్రం సంతకం పెట్టను. ఇంతకీ హైదరాబాద్‌లో వరి కంకులు ఎక్కడ దొరుకుతాయండీ?

కోనసీమ రైతుబిడ్డ:
దాళ్వా (రెండో పంట) వరి కోతలు ఏప్రిల్లో. మీకో పన (కంకుల కట్ట), బి బ్లాక్ వారికో పన బస్సులో వేయిస్తాను.