పాత కార్ల ఎగ్జాస్ట్ వాల్వ్‌కి (ఇంజిన్‌లో కాలిన పొగని బయటికి వదిలే మూతకి) ఆయిల్ వెయ్యాలా, వద్దా?

నట్టుబోల్టు: వెయ్యాలనే నా వాదన. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి మొదటి బళ్లలో వాల్వ్ స్టెమ్‌లు (తల కింద ఉండే కాడలు), స్ప్రింగులు బయటికే కనిపించేవి, మూత కూడా లేదు. దుమ్మంతా వాటి మీదే, రెండు చుక్కల ఆయిల్ లేకపోతే ఎలా? 1909లో డెయిమ్లర్ వాళ్లు చార్ల్స్ నైట్ కనిపెట్టిన స్లీవ్ వాల్వ్ ఇంజిన్లను (మామూలు వాల్వ్‌ల బదులు సిలిండర్‌లో పైకీ కిందికీ జారే గొట్టాలు, అంటే స్లీవ్‌లు ఉండేవి) ఇంగ్లండ్‌లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ చేత పరీక్ష చేయించారు. బెంచీ మీద 132 గంటలు, ఆపైన బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద దాదాపు 2000 మైళ్లు, విప్పితే చెప్పుకోదగ్గ అరుగుదల లేదు. ఆ స్లీవ్‌లు ఆయిల్ మీదే కదా నడిచాయి?

మసిచేతులు: అన్నా, పోలిక కుదరలేదు. స్లీవ్‌కి తగిలిన వేడి, చల్లబరిచే నీళ్లు తిరిగే సిలిండర్ గోడకి పోతుంది. మామూలు వాల్వ్ తలకి ఆ సుఖం ఎక్కడిది? ఎర్రగా కాలుతూ, సీటు (మూసుకున్నప్పుడు తల ఆనే అంచు) మీద కూర్చున్న కాసేపట్లోనే చల్లబడాలి. నైట్ ఇంజిన్ బళ్ల వెనక ఆయిల్ కాలి వచ్చే నీలం పొగ సంగతి మాత్రం ఎత్తలేదేం :)

నేను ఒక సైడ్ వాల్వ్ ఇంజిన్ (వాల్వ్‌లు సిలిండర్ పక్కన ఉండేది) విప్పాను. స్టెమ్ కింది సగం అద్దంలా ఉంది, తల దగ్గర మాత్రం పెనానికి మాడిన జిడ్డులా నల్లటి పెచ్చు, గోటితో గీకితే రాలేదు, రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్ పట్టాల్సొచ్చింది. ఆ పెచ్చు దగ్గరే స్టెమ్ గైడ్‌లో (అది జారే రంధ్రంలో) పట్టేస్తుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సందులోంచి మంట దూరి అంచు కాలిపోతుంది.

పాతబండి: ఇప్పటి పెట్రోల్‌లో వాల్వ్ సీట్లని అరగకుండా కాపాడే సీసం లేదు కాబట్టి ఆయిల్ తప్పదేమో?

మసిచేతులు: సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం మొదలైందే 1923లో అండి. అంతకుముందు పదిహేనేళ్లు మోడల్ టి దాన్ని చూడనే లేదు.

నట్టుబోల్టు: సరే, పెచ్చు సంగతి ఒప్పుకుంటా. కానీ నీది ఒక్క ఇంజినే, అది ఎంత ఆయిల్ తాగిందో నీకూ తెలీదు.

మసిచేతులు: అందుకే పరీక్ష ఒకే ఇంజిన్‌లో జరగాలంటున్నా. ఒకటి, మూడు సిలిండర్లకి ఆయిల్ వెయ్యి, రెండు, నాలుగు వదిలెయ్యి. పెట్రోల్, డ్రైవరు, రోడ్డు అన్నీ ఒకటే. అన్ని సిలిండర్లూ ఒకేలా వేడెక్కవు కాబట్టి తర్వాత ఆయిల్ వేసేవీ వదిలేసేవీ తారుమారు చెయ్యి. ట్యాపెట్ గ్యాప్ (స్టెమ్‌కీ, దాన్ని కిందనుంచి ఎత్తే ట్యాపెట్‌కీ మధ్య సందు) పరీక్షకి ముందూ తర్వాతా కొలువు. ఫోర్డ్ చెప్పింది అంగుళంలో 64వ వంతుకి తగ్గకుండా, 32వ వంతు దాటకుండా. సీటు అరిగితే వాల్వ్ కిందికి దిగి గ్యాప్ తగ్గుతుంది, దాచినా దాగదు.

నట్టుబోల్టు: ఎన్ని చుక్కలు?

మసిచేతులు: అదిగో, అసలు గొడవ అక్కడే. నువ్వు రెండంటావు, నీ చెయ్యి మాత్రం పది వేస్తుంది.