అదురు, అదిరి, అదర: ఒకే క్రియ, మూడు రూపాలు

ప్రశ్న: “నేల అదిరింది”, “గుండె అదిరింది”, “పాట అదిరింది”. మూడింట్లోనూ ఉన్నది ఒకే క్రియా? భయం చెప్పే మాట మెచ్చుకోలుగా ఎలా మారింది? ఇది సంస్కృత ‘అధరం’ నుంచి పుట్టిందనీ, పెదవులు వణకడమే అసలు అర్థమనీ ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: అధరంతో చుట్టరికం లేదండీ. అధరం అంటే కిందది, అందుకే కింది పెదవి అయింది. దానిలో ఉన్నది ఒత్తు ‘ధ’. “అధరాలు అదిరాయి” అని పక్కపక్కన వాడేసరికి రెండూ చెవికి బంధువుల్లా తోస్తాయి, అంతే.

అదురు అచ్చంగా ద్రావిడ ధాతువు. తమిళంలో అతిర్ (పలికేటప్పుడు ‘అదిర్’ అనే వినిపిస్తుంది), మలయాళంలో అతిరుక, కన్నడంలో అదిరు. అన్నింటా బలంగా కంపించడమే మూలార్థం. కన్నడ నిఘంటువు తెరిచేవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడ ‘అదిరు’ దగ్గర ముడి ఖనిజం అనే అర్థం కూడా కనిపిస్తుంది. కబ్బిణద అదిరు అంటే ఇనుప ఖనిజం. అది వేరే మాట; నేల అదిరితే బయటపడేది కాబట్టి ఖనిజానికి ఆ పేరొచ్చిందని కథ అల్లకండి.

ఇక మెచ్చుకోలు సంగతి. తమిళ అతిర్‌లో కదలికతో పాటు మోత కూడా ఉంది. భేరి మోగినా ఆ మాటే వాడతారు. మన మాటలోనూ మోత దాగి ఉందనీ, పొగడ్త భయంలోంచి కాక అందులోంచే వచ్చిందనీ నా అభిప్రాయం. డప్పు కొడితే ముందు తోలు అదురుతుంది, తర్వాత గోడలు, ఆ తర్వాత వినేవాడి గుండె. అక్కడ భయంతో పని లేదు. మోత నుంచి పాటకి, పాట నుంచి ఆటకి, చివరికి బిర్యానీకి కూడా పాకింది. తమిళంలో అదే ధాతువు మరో దారి పట్టింది. అతిర్చ్చి అంటే దిగ్భ్రాంతి. చెన్నై పత్రిక “మక్కళ్ అతిర్చ్చి” అని శీర్షిక పెడితే జనం మురిసిపోయారని కాదు, దిగ్భ్రాంతి చెందారని.

ఇంకొకరు: రూపాల దగ్గర తప్పులు ఎక్కువ కనిపిస్తున్నాయి, అదీ చెప్పుకుందాం. ఇలాంటి క్రియల్లో నడిమి అచ్చు తర్వాతి అచ్చును అనుసరిస్తుంది: అదురుతుంది, అదిరింది, అదరదు. పెరుగుతుంది, పెరిగింది, పెరగదు కూడా ఇంతే. అందుకే ‘అదిరగొట్టాడు’, ‘అదురగొట్టాడు’ రెండూ తప్పు. తుమున్నర్థకమైన (‘అదరడానికి’ అనే అర్థమిచ్చే) ‘అదరన్’ మీద ‘కొట్టు’ చేరి, ద్రుతం (చివరి న్) వల్ల క గ-గా మారితే అదరగొట్టు. పడగొట్టు, చెడగొట్టు కూడా ఈ మూసలో పోసినవే. అంటే అసలు అర్థం ‘అదిరేలా చేయు’. “అదరగొట్టి బెదరగొట్టి” అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది.

ప్రశ్న: మరి వణుకు, కుదుపు? అనువాదంలో ఏది ఎక్కడ వాడాలి?

జవాబు: వణుకు ఒంట్లోంచి పుడుతుంది: చలి, జ్వరం, ముసలితనం, భయం. “చలికి అదిరాడు” అనం. కుదుపు బయటినుంచి వస్తుంది, ఒక్కసారిగా ఎత్తి పడేస్తుంది. బస్సు గోతిలో పడితే తగిలేది కుదుపు. ఇంజను ఆపకుండా నిలబెట్టిన బస్సు కిటికీ అద్దంలో కనిపించేది అదురు. యంత్రాల పుస్తకాల్లో వైబ్రేషన్‌కి ‘ప్రకంపనం’ అని రాసేకన్నా అదురు అంటే మెకానిక్‌కి చప్పున తెలుస్తుంది. కంపించు వ్రాత భాషకి సరిపోతుంది. దద్దరిల్లు అనాలంటే మాత్రం చప్పుడు ఉండి తీరాలి. కన్ను అదురుతుంది కానీ దద్దరిల్లదు.

ఇంకొకరు: ఒక చేర్పు. అదిరిపడు, అదిరిపోవు ఒకటి కావు. “అదిరిపడ్డాడు” అంటే ఉలిక్కిపడ్డాడనే, దాంతో ఎవరినీ మెచ్చుకోలేం. “అదిరిపోయాడు” రెండు రకాలుగానూ తగులుతుంది: బిల్లు చూసి అదిరిపోయాడు, కొత్త చొక్కాలో అదిరిపోయాడు. ఇంకో విశేషం, పొగడ్త అర్థానికి వ్యతిరేక రూపం సరిగా అతకదు. సినిమా నచ్చకపోతే “అదరలేదు” అనేవాళ్లు తక్కువ. “అంత లేదు” అని ఊరుకుంటారు.