దెయ్యం చేపకి ఎర పెడితే పట్టినట్టా, మేపినట్టా?

కాలువగట్టు:
మాది కైకలూరు వైపు. అక్వేరియం షాపుల్లో ట్యాంక్ క్లీనర్ అని అమ్మే దెయ్యం చేప మా ఊరి చెరువులో పడి మూడేళ్లయింది. ఒళ్లంతా ఎముక పెంకులు, రెక్కలకి ముళ్లు. వలలో పడితే ఆ ముళ్లు వల రంధ్రాల్లో ఇరుక్కుని, వల కోస్తే గానీ ఊడి రాదు. మొన్న మీటింగులో ఒక పెద్దాయన తవుడు, వేరుశనగ చెక్క ఎర పెట్టి ఒకచోటికి రప్పించి పట్టేద్దాం అన్నారు. నాకు సబబుగానే అనిపించింది. చేపల చెరువుల్లో కర్రకి మేత సంచి కడితే నాలుగు రోజులకే బొచ్చె, శీలావతి టైముకి వచ్చి ఆ సంచి చుట్టూ మూగుతాయి కదా, దీనికి మాత్రం ఎందుకు పనిచేయదు?

వలతాడు:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ఇది రాత్రిపూట తిరిగి అడుగున నాచు, బురద గీక్కుని తినే చేప. చెరువు అడుగంతా దానికి విస్తరే, నీ తవుడు కోసం పనిగట్టుకుని ఎందుకు వస్తుంది? ముందు వచ్చేది జిలేబీ చేప (తిలాపియా). ఇంకోటి, ఇది అసలు సంగతి: తినగా మిగిలిన మేత కుళ్లితే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు తేలిపోయేది మన శీలావతి, మన బొచ్చె. దెయ్యం చేప పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. దాన్ని చంపబోయి మన చేపల్ని చంపుకుంటాం.

మినియాపోలిస్ నుంచి:
వలతాడు అన్నా, ఆక్సిజన్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఎర అనగానే కొట్టిపారేయకండి. మనం పెంచుకునే బంగారు తీగ చేప (కామన్ కార్ప్) ఇక్కడ అమెరికాలో మిన్నెసోటా సరస్సుల్లో పెద్ద పీడ, అడుగు బురదంతా తవ్వి నీళ్లు పాడుచేస్తుంది. ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు దానికి మొక్కజొన్న గింజలు ఎరగా పెట్టి చూశారు. బంగారు తీగకి గొంతులో దవడ పళ్లలాంటివి ఉంటాయి, గట్టి గింజని నలుపుకుని తింటుంది. ఇక్కడి స్థానిక చేపలు చాలావరకు గింజ జోలికే రావు. కొద్ది రోజుల్లోనే సరస్సులో ఎక్కడెక్కడి చేపలో ఆ చోటు గుర్తుపెట్టుకుని రావడం మొదలుపెట్టాయి, అదీ ఎక్కువగా రాత్రిపూట. ఇప్పుడు వల అడుగున పరిచి, దాని మీద కొన్నాళ్లు గింజలు వేసి అలవాటు చేసి, ఒక్కసారిగా నాలుగు వైపులా గోడలా లేపుతారు. అంటే ఎర పెట్టేముందు చూసుకోవాల్సింది దెయ్యం చేప తింటుందా అని ఒక్కటే కాదు, మిగతా చేపలు తినకుండా వదిలేస్తాయా అని కూడా. ఆ రెండో ప్రశ్నకి జవాబు తెలియకుండా చెరువులో పిడికెడు తవుడు కూడా వేయొద్దు.

కొల్లేటి కొంగ:
కోడి వ్యర్థాలు మాత్రం ఎవరూ వేయకండి, దండం పెడతాను. నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచుతున్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కి అదే ఇష్టమైన మేత. ఒకదాన్ని పట్టబోయి ఇంకోదాన్ని మేపినట్టవుతుంది. ఇంకో మాట, హైదరాబాద్ సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు నీళ్లలో డీఎన్‌ఏ ఆనవాళ్లు వెతికితే తూర్పు కనుమల్లో పరీక్షించిన నీటి వనరుల్లో దాదాపు 60 శాతం చోట్ల ఈ దెయ్యం చేప జాడ దొరికింది. కాలువ నీళ్లు వచ్చే చెరువుకి తూము దగ్గర జాలీ లేకపోతే ఎన్ని పట్టినా మళ్లీ వస్తాయి.

కాలువగట్టు:
అందరూ చెప్పింది చదివి, ఊరికే వాదించడం కన్నా చూద్దామని నిన్న రాత్రి నాలుగు మావులు (చేపలు పట్టే బుట్టలు) దింపాం. రెండింట్లో గుప్పెడు చెక్క గుడ్డలో మూటగట్టి పెట్టాం, రెండు ఖాళీగా వదిలాం. పొద్దున లేపితే చెక్క ఉన్నవాటిలో జిలేబీలే జిలేబీలు, ఒక చిన్న కొరమీను, ఒకే ఒక్క దెయ్యం చేప. ఖాళీవాటిలో ఒకదాంట్లో రెండు దెయ్యం చేపలు, మూలకి నక్కి ఉన్నాయి, ఇంకేమీ లేవు. ఒక్క రాత్రితో తేల్చేయలేం, అది నాకూ తెలుసు. కానీ వలతాడు అన్న మాట గుర్తొచ్చి కాసేపు అక్కడే నిలబడిపోయాను. గట్టు మీద పారేసిన ఆ మూడూ రెండు గంటల తర్వాత కూడా మొప్పలు ఆడిస్తూనే ఉన్నాయి. చచ్చాయనుకుని వదిలేసి ఇంటికెళ్తే మళ్లీ నీళ్లలోకే పోయేవి. గొయ్యి తీసి పూడ్చాం.

వలతాడు:
చూశావా, వాటికి తిండి కన్నా దాక్కునే చోటు ముఖ్యమేమో. గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెట్టి, మగది కాపలా ఉంటుంది. అందుకే గట్లు కూలుతున్నాయి. ఎర అంటే మేతే కానక్కర్లేదు తమ్ముడూ, చీకటి బొరియ కూడా ఎరే. నా దగ్గర బోరు వేయగా మిగిలిన పీవీసీ పైపు ముక్కలున్నాయి. ఒక పక్క మూసేసి గట్టు వెంబడి అడుగున పడుకోబెట్టి చూద్దాం. అందులో జిలేబీలు, కొరమీనులు పడవు అని నేను ఇప్పుడే హామీ ఇవ్వను, లేపి చూశాకే ఏ మాటైనా.

కాలువగట్టు:
పైపులు తీసుకురా అన్నా. ఈసారి పైపులు కొన్ని ఖాళీగా, కొన్ని చెక్కతో, కనీసం పది రాత్రులు. పడిన ప్రతి చేపా ఏ రకమో పుస్తకంలో రాస్తాను, మన చేపల్ని వెంటనే నీళ్లలో వదిలేస్తాం. తూముకి జాలీ బిగించే పని కూడా ఈ వారమే పెట్టుకున్నాం.