ఐర్లాండ్ పల్లెలో పాత సమాధి రాళ్లు: చదవడం ఎలా?

నమస్కారమండీ. ఐర్లాండ్‌లో మేయో కౌంటీలో ఉంటున్నాను. మా ఊరివాళ్లు పాత శ్మశానంలోని సమాధి రాళ్లన్నీ నమోదు చేస్తుంటే నేనూ చేరాను. రాళ్ల మీది పేర్లు ఎవరివో తేల్చడానికి పాత రికార్డులు వెతుకుతున్నాం. 1901, 1911 జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. అంతకుముందువి చాలావరకు మిగల్లేదు, 1922లో డబ్లిన్‌లో కొన్ని కాలిపోయాయి. అందుకే గ్రిఫిత్స్ వాల్యుయేషన్ (పన్ను కోసం 19వ శతాబ్దం మధ్యలో ఇళ్లు, భూములకు విలువ కట్టిన జాబితా) మీద పడ్డాం. అందులో ఇల్లో పొలమో ఎవరి చేతిలో ఉందో వాళ్ల పేరు ఉంటుంది, పెళ్లాం పిల్లల ఊసే ఉండదు. ఒకే టౌన్‌లాండ్‌లో (ఇక్కడ భూమి లెక్కల్లో అన్నిటికన్నా చిన్న విభాగం), ఒకే ఇంటిపేరుతో ముగ్గురు ప్యాట్రిక్‌లు! ఒకరికి పక్కన తండ్రి పేరు రాశారు, మిగతా ఇద్దరికీ లేదు. వీళ్లను విడదీయడానికి ఇంకే రికార్డు చూడాలి?

రాళ్లకు నాచు పట్టింది. గోకితే రాయి పాడవుతుందని ముట్టుకోనివ్వరు. ఏటవాలు ఎండలో అక్షరాలు తేలతాయట, ఇక్కడ ఎండ కాస్తే కదా! టార్చ్, ఫోన్‌తో పని జరిగే పద్ధతి ఎవరికైనా తెలిస్తే చెప్పండి.